గేరు తీగకు పోసిన ఆముదం

అనగనగా కొండల నడుమ ఒక రాజ్యం. గుర్రం ఎక్కాలంటే గిట్ట జారే కొండలు, ఏనుగు దిగాలంటే గుండె జారే లోయలు. ఆ రాజ్యం పేరు మబ్బులకోట. దాన్ని ఏలే రాజు కొండభూపతి.

గుర్రాలు పనికిరాని చోట రాజు ఏం చేస్తాడు? గేరు సైకిళ్ళు తెప్పించాడు. రాజుల కాలంలో గేరు సైకిళ్ళేమిటని ఎవరైనా అడగబోతున్నారేమో, కాస్త ఆగండి. పాములు మాట్లాడే కాలంలో సైకిళ్ళు ఉండటానికి అడ్డేమిటి? కథ వినేటప్పుడు ఊ కొట్టాలి గానీ ఊరికే అడ్డం రాకూడదు.

ఆ సైకిళ్ళు సంతకు పోయే సైకిళ్ళు కావు. లావాటి టైర్లు, గట్టి చట్రం. వెనక చక్రానికి చిన్నా పెద్దా పళ్ళచక్రాలు ఒకదాని పక్కన ఒకటి దొంతరగా ఉండేవి. హ్యాండిల్ దగ్గర ఒక మీట ఉండేది. ఆ మీట నొక్కితే సన్నటి ఇనప తీగ ఒకటి బిగిసేది. ఆ తీగ నల్లటి తొడుగులో దూరి, చట్రం వెంబడి పాకి, వెనక చక్రం దాకా పోయి, చెయిన్‌ని చిన్న పళ్ళచక్రం మీంచి పెద్దదాని మీదికి జరిపేది.

చెయిన్ పెద్దదాని మీద కూర్చుంటే తొక్కుడు తేలికవుతుంది. అప్పుడు గోడలాంటి కొండనైనా మెల్లగా ఎక్కవచ్చు. తీగ కదలకపోతే చెయిన్ కదలదు. చెయిన్ కదలకపోతే ఎంతటి మొనగాడైనా దిగి నడవవలసిందే.

రాజుగారి టపా, వైద్యుడి మందులు ఈ సైకిళ్ళ మీదే ఊరూరికీ పోయేవి. తొక్కేవాళ్ళను సైకిల్ రౌతులనేవారు. ఆ రౌతుల్లో పైడమ్మ ఒకతి. ఆమె కోట కింది ఊళ్ళకు టపా మోసేది. మాట తక్కువ, పని ఎక్కువ అనుకునేరు. మాటా ఎక్కువే, పనీ ఎక్కువే. దారిలో ఎదురైన మేకను కూడా పలకరించి గానీ పోయేది కాదు.

కానీ నింగిపల్లె పేరు వస్తే మాత్రం ఆమె మాట ఆగిపోయేది.

నింగిపల్లె ఆమె పుట్టిన ఊరు. కోట నుంచి మూడు కనుమలు దాటితే వస్తుంది. మొదటిది రాళ్ళకనుమ, రెండోది ఏటికనుమ, మూడోది నిట్టకనుమ. ఆ మూడో కనుమ ఎంత నిటారుగా ఉంటుందంటే, ఎక్కేవాడి గడ్డం నేలకు తగులుతుందని జనం అనేవారు. అక్కడికి సైకిల్ ఎక్కదని మంత్రి ఏనాడో తేల్చేశాడు. సైకిల్ ఎక్కని ఊరికి టపా దారి లేదు. ఏదైనా పంపాలంటే నడిచే మనిషి పోవాలి, దారిలో రాత్రి పడుకోవాలి, మర్నాడు చేరాలి.

నిరుడు వానాకాలం నింగిపల్లెలో జ్వరాలు వచ్చాయి. మందు కోటలో సిద్ధంగానే ఉంది. నడిచే మనిషి చీకటి పడి వాగు దగ్గర ఆగిపోయాడు. మందు చేరేసరికి పైడమ్మ అక్క సూరమ్మ ఇంటి ముందు పాడె కట్టి ఉంది. సూరమ్మ మొగుడు ముందురోజు రాత్రే పోయాడు.

అప్పటి నుంచి పైడమ్మకు ఒకటే పట్టుదల. నింగిపల్లెకు సైకిల్ దారి తెరిపించాలి. ఆమె నేరుగా కొలువులోకి వెళ్ళి రాజుతో ఆ మాటే చెప్పింది. మంత్రి నవ్వి, ఎక్కగలిగేదే అయితే ఇన్నేళ్ళలో ఎవరూ ఎందుకు ఎక్కలేదని అడిగాడు. అయినా పైడమ్మ వెనక్కి తగ్గలేదు.

రాజు ఇద్దరి మాటలూ విని ఒక తీర్పు చెప్పాడు. విజయదశమి వెళ్ళాక, ఇష్టమున్న రౌతులు మందుపెట్టె కట్టుకుని తెల్లవారగానే కోట దాటాలి. పొద్దు వాలేలోగా నింగిపల్లె చేరాలి. దారిలో ఆగవచ్చు, కూర్చోవచ్చు, చద్ది తినవచ్చు. సైకిల్‌ను చేత్తో తోసుకుంటూ ఒక్క అడుగు కూడా ముందుకు నడవకూడదు. ఒక్కరు చేరినా దారి తెరుస్తారు. ఎవరూ చేరకపోతే ఆ ఊసు ఇక ఎవరూ ఎత్తకూడదు.

దారి పొడుగునా కాపలా పెట్టడం కుదరదు కాబట్టి, రౌతులు అమ్మవారి ముందు ప్రమాణం చేయాలన్నాడు. ముగ్గురు చేశారు. పైడమ్మ ఒకతి. తొడబలం తప్ప దేన్నీ నమ్మని వీరభద్రం రెండోవాడు. భక్తికి పెట్టింది పేరైన గురునాథం మూడోవాడు.

ఇప్పుడు ఆ కోటలో ఒక ఆచారం ఉంది. అది చెప్పకపోతే కథ ముందుకు నడవదు.

ఆయుధపూజ నాడు మనం కత్తికీ కొడవలికీ పసుపు రాసి బొట్టు పెడతాం కదా. రౌతులకు ఆయుధం సైకిలే. వాళ్ళు చట్రానికి పసుపు రాసి, హ్యాండిల్‌కి బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. సైకిల్‌కి ప్రాణం ఆ గేరు తీగలోనే ఉందని వాళ్ళ నమ్మకం. ప్రాణానికి నైవేద్యం పెట్టకపోతే ఎలా? ఆ కొండల్లో ఆముదపు చెట్లు కోకొల్లలు. గానుగ ఆడించిన చిక్కటి ఆముదంలో పసుపూ కుంకుమా కలిపి, ఉద్ధరిణితో తీగ తొడుగు నోట్లో పోసేవారు. కింది కొసన బొట్టు కారేదాకా పోసేవారు. కారితే తీగ తృప్తిగా తాగిందని సంబరపడేవారు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకసారి పోశాక, మరుసటి ఏడాది పూజ దాకా ఆ తీగను విప్పకూడదు, తుడవకూడదు. తుడిస్తే ముత్తైదువ బొట్టు చెరిపినంత దోషం. తీగ బిగుసుకుపోతే ఇంకాస్త ఆముదం పోయడమే.

ఆ ఏడు గురునాథం అందరికంటే ఎక్కువ పోశాడు. వీరభద్రం ఏదో నలుగురితో పాటు నాలుగు చుక్కలు వేసి చేతులు దులుపుకున్నాడు. పైడమ్మ మాత్రం నింగిపల్లెను తలుచుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, గిన్నెడు ఆముదమూ ఒంపేసింది. అక్క కోసం పోస్తున్నప్పుడు చెయ్యి ఆగుతుందా?

మర్నాడు ఆమె ఒకసారి తొక్కి చూద్దామని రాళ్ళకనుమ వైపు బయలుదేరింది. ఏటవాలు మొదలైంది. మీట నొక్కింది. మీట కదల్లేదు. బొటనవేలు తెల్లబడేదాకా నొక్కింది. అప్పుడు చెయిన్ అటూ ఇటూ కాకుండా రెండు పళ్ళచక్రాల మధ్య ఇరుక్కుని కటకటమని అరిచింది. కాలు జారి ఆమె పక్కకు ఒరిగింది. మోచెయ్యి చెక్కుకుపోయింది.

మొదటి కనుమకే ఇలా అయితే మూడో కనుమ మాటేమిటి? ఆమె సైకిల్‌ను ఒక పుట్ట పక్కన పడేసి కూలబడింది. కాసేపు సైకిల్‌ను తిట్టింది, కాసేపు తనను తిట్టుకుంది. చివరికి అమ్మవారితోనే పోట్లాడింది. ఇంత ఆముదం పోశాను, ఇంత పసుపు పెట్టాను, ఇంకేం కావాలి నీకు అని గట్టిగానే అడిగింది.

"నన్నడిగితే చెబుతాను," అంది పుట్టలోంచి ఒక గొంతు.

పుట్ట నోట్లోంచి ఒక ముసలి నాగుపాము తల బయటపెట్టింది. పైడమ్మ ఉలిక్కిపడి లేచి, ముందు చేతులు జోడించింది. భయమూ భక్తీ ఒకేసారి వచ్చినప్పుడు మనం చేసే పని అదే కదా.

పాము మాత్రం చాలా మామూలుగా మాట్లాడింది. మీరంతా మంచివాళ్ళే తల్లీ, నేను కాదనను అంది. నాగులచవితికి బారులు తీరి వస్తారు. పుట్ట నిండా పాలు పోస్తారు. పసుపు, కుంకుమ, చలిమిడి, చిమ్మిలి, ఏది దొరికితే అది లోపలికి వేస్తారు. ఒక్కరైనా లోపల ఎవరున్నారో, వాళ్ళకు ఊపిరి ఆడుతోందో లేదో వంగి చూశారా? పాలు నేను తాగను. అవి నా ఇంట్లో బురదవుతాయి. ఆ వాసనకు చీమలు వస్తాయి. పండగ వెళ్ళాక నేను పడే పాట్లు ఎవరికి చెప్పుకోను?

నిరుడు పైడమ్మ కూడా ఇదే పుట్టలో చెంబెడు పాలు పోసింది.

"ప్రేమతోనే పోస్తారు, నాకు తెలుసు," అంది పాము. "కానీ ఆ ప్రేమ నా ముక్కులోకి వస్తోంది."

తరవాత పాము పుట్ట లోంచి పూర్తిగా బయటికి వచ్చింది. దాని ఒళ్ళు దుమ్ముకొట్టుకుని ఉంది. అది రెండు రాళ్ళ మధ్య నుంచి మెల్లగా పాకుతూ, ఒంటినున్న పాత చర్మాన్ని అక్కడే వదిలేసి అవతలికి వచ్చింది. కొత్త ఒళ్ళు నిగనిగలాడింది. ఇరుకైన తొడుగులో కదలాల్సినవాళ్ళు అప్పుడప్పుడూ బయటికి వచ్చి శుభ్రపడాలి, లేకపోతే అక్కడే అతుక్కుపోతారు అని చెప్పి, అది మళ్ళీ పుట్టలోకి వెళ్ళిపోయింది.

పైడమ్మ ఆ వదిలేసిన చర్మం వైపు చూసింది. సైకిల్ వైపు చూసింది. ఇరుకైన తొడుగు, లోపల కదలాల్సిన తీగ.

ఇంటికి వచ్చి, వీధి అరుగు మీద గోనెసంచి పరిచి సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టింది. వెనక చక్రం దగ్గర తీగను పట్టి ఉంచే మర వదులు చేసింది. మీట వైపు నుంచి తీగను మెల్లగా లాగింది. అది రానంది. ఇంకా లాగింది. అప్పుడు తీగతో పాటు గోధుమరంగు ముద్ద బయటికి వచ్చింది. పసుపు, కుంకుమ, ఆముదం, దారి దుమ్ము, ఇసక, అన్నీ కలిసి గట్టిపడి మైనంలా తయారయ్యాయి. ఏళ్ళ తరబడి చేసిన పూజలన్నీ అక్కడే ఉన్నాయి. ఆ ముద్ద కింద తీగ మీద అక్కడక్కడా తుప్పు చుక్కలు కూడా పొడిచాయి.

వీధిలో పోయే గురునాథం అది చూసి నిలబడిపోయాడు. పూజ చేసిన తీగను విప్పావా, పసుపు తుడుస్తావా, నీకేమైనా మతి పోయిందా అని నిలదీశాడు. ఊళ్ళోవాళ్ళు కూడా గుమిగూడారు. ఈసారి వానలు రాకపోతే పైడమ్మదే పాపమని ఒకామె అననే అంది.

పైడమ్మకు భయం లేదని చెబితే అబద్ధమవుతుంది. ఆమె గుడ్డ పట్టుకుని అమ్మవారి గుడి వైపు తిరిగింది.

"తల్లీ, నీ పసుపు తుడుస్తున్నాను. తప్పయితే నన్నడుగు. ఆ ఊరిని మాత్రం అడక్కు."

అంతే, తుడవడం మొదలుపెట్టింది. తీగను పొడిగుడ్డతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచింది. గుడ్డ నల్లబడితే ఇంకో గుడ్డ తీసింది. తుప్పు చుక్కలను పీచుతో రుద్దింది. తొడుగు ముక్కల్లో కిరసనాయిలు పోసి, ఊది, మళ్ళీ పోసి, బయటికి వచ్చేది తేటగా కనబడేదాకా కడిగింది. ఎండలో ఆరబెట్టింది. ఒక తొడుగు నలిగి వంగిపోయి ఉంటే దాన్ని తీసేసి కొత్తది వేసింది. తీగ కొసన పోగులు విచ్చుకుంటే మళ్ళీ తొడుగులో దూరదు కాబట్టి, కొసను మెలేసి ఒక చుక్క లక్క కరిగించి పెట్టింది.

ఇక నూనె. ఆముదం వైపు ఆమె చూడలేదు. పక్కింటి దర్జీ దగ్గర కుట్టుమిషనుకు వేసే పలచటి నూనె అడిగి తెచ్చుకుంది. గుడ్డకు రెండు చుక్కలు అద్ది, తీగను ఆ గుడ్డలోంచి ఒకసారి లాగింది. తీగ మీద నూనె ఉందో లేదో కంటికి కనబడలేదు. వేలికి మాత్రం తెలిసింది. తీగను తొడుగుల్లోకి ఎక్కించి, తగినంత బిగువు చూసి మర బిగించి, మీట నొక్కింది. చెయిన్ టక్కున పెద్ద పళ్ళచక్రం ఎక్కింది. వదిలితే టక్కున దిగింది.

పైడమ్మ ఆ పూట చాలాసేపు ఆ మీట నొక్కుతూనే కూర్చుంది. చూసేవాళ్ళకు పిచ్చిదానిలా కనబడి ఉంటుంది. ఆమెకు మాత్రం ఎంత ఆనందంగా ఉందో.

పందెం నాడు తెల్లవారింది. ముగ్గురూ మందుపెట్టెలు కట్టుకున్నారు. రాజు కోట గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. గురునాథం సైకిల్ పసుపుతో మెరిసిపోతోంది. వీరభద్రం తొడ చరిచాడు. పైడమ్మ నడుముకు చిన్న గుడ్డసంచి కట్టుకుంది. అందులో రెండు పాతగుడ్డలు, ఒక చిన్న నూనెసీసా ఉన్నాయి. చద్దిమూట అనుకుని వీరభద్రం ఆమెను ఆటపట్టించాడు.

రాళ్ళకనుమ ముగ్గురూ ఎక్కారు. వీరభద్రం గేరు మార్చనే మార్చలేదు, కండబలంతో తొక్కేశాడు. గురునాథం పళ్ళు కొరుకుతూ మీటను రెండు చేతులతో నొక్కి నొక్కి ఎలాగో గట్టెక్కాడు. దిగువన ఎర్రమట్టి దుమ్ము లేచింది. జిడ్డుగా ఉన్నచోట దుమ్ము ఊరుకుంటుందా? గురునాథం సైకిల్‌కు అది కోటు వేసినట్టు పట్టేసింది.

ఏటికనుమకు వచ్చేసరికి అతని తీగ పూర్తిగా మొండికేసింది. అతను కంగారుపడలేదు. జేబులోంచి ఆముదం సీసా తీసి, దణ్ణం పెట్టుకుని, సగం సీసా ఒంపాడు. మీట నొక్కాడు. కదల్లేదు. మిగతా సగం ఒంపాడు. ఈసారి బలమంతా పెట్టి నొక్కాడు. మీట దగ్గర తీగ పుటుక్కున తెగింది. గురునాథం చాలాసేపు ఆ తెగిన తీగను చేత్తో పట్టుకుని చూశాడు. తను ఏం తక్కువ చేశాడో అతనికి ఎంతకీ అంతుపట్టలేదు. పాపం, తక్కువేమీ చేయలేదు.

మిగిలిన ఇద్దరూ ఏట్లోకి దిగారు. నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. తొక్కుకుంటూనే అవతలి గట్టు ఎక్కారు. అక్కడ పైడమ్మ మీట నొక్కి చూసింది. కదిలింది, కానీ పొద్దున కదిలినట్టు కాదు. ఏటి ఇసక తొడుగులోకి చేరింది. మీట కాస్త బరువైంది, కాస్తే. పట్టించుకోకపోయినా ఇంకొంత దూరం పోవచ్చు.

ఆమె పైకి చూసింది. పొద్దు నడినెత్తి దాటింది. వీరభద్రం అప్పుడే మలుపు తిరుగుతున్నాడు. కూర్చుని రా పైడమ్మా, తొందరేముంది అని అరిచి వెళ్ళిపోయాడు.

ఆగితే పొద్దు జారిపోతుంది. ఆగకపోతే నిట్టకనుమ నడుమ తీగ పట్టేస్తుంది. ఆమె ఒక పెడల్ మీద కాలు పెట్టింది, తీసింది. చివరికి సైకిల్ ఆపి, గడ్డి మీద కూర్చుంది.

ఇప్పుడు తీగంతా ఊడదీసే తీరిక లేదు. చెయిన్‌ని అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీదికి వదిలింది. తీగ సడలింది. సడలిన తీగ మీంచి తొడుగు ముక్కలను చట్రంలోని గాడుల నుంచి తప్పించి, అటూ ఇటూ జరిపింది. తొడుగు కింద దాగిన తీగ బయటపడింది. తడి తుడిచింది, ఇసక తుడిచింది, నూనె గుడ్డతో ఒక్కసారి నిమిరింది. తొడుగులను మళ్ళీ గాడుల్లో కూర్చోబెట్టింది. చేతులు పని చేస్తున్నంతసేపూ కళ్ళు పొద్దు వైపే పోతున్నాయి. కానీ పని మాత్రం వదలలేదు.

మీట నొక్కింది. టక్కున ఎక్కింది. ఆమె లేచి బయలుదేరింది.

నిట్టకనుమ సగం ఎక్కాక వీరభద్రం కనబడ్డాడు. ఒక బండ మీద కూర్చుని తొడలు పిసుక్కుంటున్నాడు. పక్కన సైకిల్ పడి ఉంది. అంతదాకా కండబలం లాక్కొచ్చింది. ఇక్కడ పెద్ద పళ్ళచక్రం కావాల్సి వచ్చింది. వాడక వాడక, తుడవక తుడవక, అతని తీగ తొడుగుకు తుప్పుతో అతుక్కుపోయింది.

అతను ఆమెను చూసి గొంతు తగ్గించాడు. ఈ ఎత్తు ఎవరివల్లా కాదన్నాడు. ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు, ఆ మలుపు దాకా తోసుకుపోదాం, తరవాత ఎక్కి తొక్కుదాం, ఇద్దరమూ గెలిచినట్టే అన్నాడు. ఊరికి దారి వస్తుంది, నువ్వు కోరుకున్నదీ అదేగా అని కూడా అన్నాడు.

ఆ చివరి మాట పైడమ్మకు గట్టిగానే తగిలింది. ఆమె కోరుకున్నది నిజంగా అదే. దిగి పాతిక గజాలు తోస్తే అయిపోతుంది. అక్క ముఖం కళ్ళ ముందు మెదిలింది.

"అన్నా, మనం అబద్ధంతో దారి తెరిస్తే రేపు జ్వరాల్లో మందు మోసేవాడు ఇక్కడే, ఈ బండ దగ్గరే ఆగిపోతాడు," అంది. "సైకిల్ నిజంగా ఎక్కుతుందో లేదో తేల్చుకోవడానికే నేను వచ్చాను."

ఆమె మీట నొక్కింది, ఒకసారి, ఇంకోసారి. చెయిన్ అన్నిటికంటే పెద్ద పళ్ళచక్రం మీద కూర్చుంది. కాళ్ళు గిరగిరా తిరుగుతుంటే చక్రం మాత్రం నత్తలా కదిలింది. నడిచే మనిషి ఆమెను దాటి పోగలడు. అయినా చక్రం ఆగలేదు. వెనక నుంచి వీరభద్రం ఏమనుకున్నాడో ఏమో, తొక్కు చెల్లీ, తొక్కు అని కేకేశాడు. ఆ మనిషి మంచివాడే, కాళ్ళను మరీ ఎక్కువ నమ్ముకున్నాడంతే.

పొద్దు కొండ అంచుకు తగలకముందే నింగిపల్లెలో కుక్కలు మొరిగాయి. జనం బయటికి వచ్చారు. ఆ ఊరి వీధిలో సైకిల్ చక్రం తిరగడం వాళ్ళు మొదటిసారి చూశారు. పైడమ్మ దిగబోయి పడింది. సూరమ్మ పరుగున వచ్చి పట్టుకుంది.

పైడమ్మ మందుపెట్టె విప్పి అక్క చేతిలో పెట్టింది. సూరమ్మ దాన్ని తెరిచి చూసింది. తెల్లవారుజామున కోటలో కట్టిన మందుపొట్లం, ఇంకా కర్పూరం వాసన పోలేదు. ఆమె పెట్టెను గుండెకు హత్తుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పొద్దున బయలుదేరితే సాయంత్రానికి వస్తుందన్నమాట," అంది సూరమ్మ. "నిరుడు ఇదే పెట్టె వచ్చుంటే మీ బావ ఈ అరుగు మీదే కూర్చుని నిన్ను పలకరించేవాడు."

అక్కచెల్లెళ్ళిద్దరూ అక్కడే కూర్చుని ఏడ్చారు. ఊరివాళ్ళు వాళ్ళను ఏడవనిచ్చారు.

కోటకు తిరిగి వచ్చాక పైడమ్మకు పెద్ద సంబరం చేశారు. రాజు అన్న మాట ప్రకారం నింగిపల్లెకు టపా దారి తెరిపించాడు. వీరభద్రం కొలువులో నిలబడి, ఆమె ఒక్క అడుగూ నడవలేదని, తాను తప్పుదారి చూపినా వినలేదని నిజం చెప్పాడు. మంత్రికి తన పాత తీర్పు తప్పని తెలిసింది. తప్పు దిద్దుకోవాలని అతనికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఈ సైకిల్ మామూలుది కాదు ప్రభూ, దీన్ని గుడిలో వెండి పీట మీద నిలబెడదాం, రోజూ ఆముదంతో అభిషేకం చేయిద్దాం అన్నాడు. అందరూ బాగుంది బాగుందన్నారు. రాజు కూడా తల ఊపి, వెండి పీట తెమ్మన్నాడు.

పైడమ్మ సైకిల్ హ్యాండిల్ వదల్లేదు.

"మహారాజా, ఇది గుడిలో ఉంటే నింగిపల్లెకు మందు ఎవరు మోస్తారు?"

ఆమె నడుము సంచి విప్పింది. పందెం నాడు తీగను తుడిచిన గుడ్డ తీసి రాజు ముందు పరిచింది. ఏటి ఇసక, తీగ నలుపు దాని నిండా ఉన్నాయి. దీనికి అభిషేకం వద్దు ప్రభూ, ప్రతి ప్రయాణం తరవాతా ఇలాంటి గుడ్డ ఒకటి, రెండు చుక్కల పలచటి నూనె, కాసేపు కూర్చుని లోపల చూసే మనిషి, ఈ మూడూ చాలు అంది.

రాజు ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. వెండి పీట తెస్తున్నవాళ్ళను ఆగమని చెయ్యి చూపాడు. తరవాత, నింగిపల్లె అమ్మవారికి ఏటా తాను పట్టుచీర పంపుతున్నానని, ఆ ఊళ్ళో ఎవరు బతికారో ఎవరు పోయారో మాత్రం ఏనాడూ అడగలేదని, నెమ్మదిగా తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

ఆ ఏడు నుంచి మబ్బులకోటలో ఆయుధపూజ తీరు మారింది. ముందు తీగ విప్పి, తుడిచి, పలచటి నూనె నిమిరి, మళ్ళీ ఎక్కించాకే చట్రానికి బొట్టు పెట్టేవారు. గురునాథం ఆ పని అందరికంటే శ్రద్ధగా చేసేవాడు. అతని భక్తి ఎక్కడికీ పోలేదు, కాకపోతే ఇప్పుడు గుడ్డ పట్టుకుంది.

ఆ తరవాత వానాకాలం నింగిపల్లెలో మళ్ళీ జ్వరాలు వచ్చాయి. కబురు అందిన పూటే మందుపెట్టెతో సైకిల్ కోట దాటింది, పొద్దు వాలకముందే ఊరు చేరింది. ఆ ఏడు నింగిపల్లెలో ఎవరి ఇంటి ముందూ పాడె లేవలేదు.

కాబట్టి పిల్లలూ, దేన్నయినా ప్రేమించేవాళ్ళు పైన పసుపు రాయడంతో ఆగిపోకుండా లోపల ఏముందో విప్పి చూసుకోవాలి. చూసుకోవడమే అసలైన పూజ.